కొండకి సెలవిచ్చిన ఎండాకాలాలు

మా కోడలు డాబా మీద కుండీల్లో గులాబీలు పెంచుతుంది. మొన్న ఎవరో చెప్పారని ఒక ప్లాస్టిక్ సంచీ తెప్పించింది. సంచీ మీద పచ్చటి ఆకుల బొమ్మ, లోపల నల్లగా ఎండిన పెంటికలు. గొర్రె ఎరువట. మూతి కత్తిరించగానే మనవడు ముక్కు మూసుకుని మెట్లు దిగి పారిపోయాడు. నేను గుప్పెడు తీసి వాసన చూశాను. "అత్తయ్యగారండీ, అదేం పనండీ" అని కోడలు నవ్వింది.

దానికేం చెప్పను? ఎండాకాలం పొద్దున్నే మా పుట్టింటి చేలోంచి వచ్చే వాసన అది. కాకపోతే సంచీలో దానికి ప్రాణం లేదు. అప్పటి వాసనలో మంచుకి తడిసిన గొంగళి ఉండేది, చితుకుల పొగ ఉండేది, అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల ఒంటి తడి ఉండేది.

మా పుట్టిల్లు ఉప్పలగుప్తం దాటి సముద్రం వైపు ఇంకా కిందికి వెళ్ళాలి. కాలవ నీళ్ళు అందరికీ అందాక, ఆఖర్న అందే ఊరు మాది. అందుకని సార్వా వరి ఒక్కటే పంట. అది కోసే ముందే చేలో మినుములో పిల్లిపెసరలో చల్లేవారు. శివరాత్రి వెళ్ళి, మినుము కోత కూడా అయిపోయాక చేలన్నీ ఖాళీ. ఆ ఖాళీలోకి గొర్రెల మంద వచ్చేది.

మందవాళ్ళు మెట్ట నుంచి వచ్చేవారు. గోదావరి అవతల ఎక్కడో కొండ కింద ఊరు. ఆ ఊరి పేరు మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. 'కొండ కింద ఊరు' అంటే మాకది చాలు. పిలుపు ఉండదు, కబురు ఉండదు. తెల్లారగట్ల వంతెన మీద లారీల మధ్య నుంచి గొర్రెల్ని దాటించి, కాలవగట్ల వెంట దిగుతూ దిగుతూ ఒకరోజు మా ఊరు చేరేవారు. గంటల చప్పుడు వినపడగానే పిల్లలం పలకలు అక్కడే పారేసి గట్టు మీదికి పరిగెత్తేవాళ్ళం. ముందు దుమ్ము కనపడేది. ఆ దుమ్ములోంచి గంట కట్టిన పొట్టేలు, దాని వెనకాల తెల్లా నల్లా కలిసిన ఏరు లాగా మంద, మంద వెనకాల చేతికర్ర భుజాన వేసుకుని పెద్దాయన.

మా మామ్మ, అంటే మా నాన్నగారి అమ్మ, ఆయన్ని 'పెద్దాయనా' అనే పిలిచేది. పిల్లలకి ఆయన మందతాత. ఆయన కొడుకు మాకు మందబాబాయి. అప్పటికి మీసాలు వస్తున్న వయసు. ఇంకా ఇద్దరు ముగ్గురు చుట్టాలు, ఒక చెవి తెగిన కుక్క. అంతే వాళ్ళ ఊరేగింపు.

పగలు ఊరంతా తిప్పి మేపేవారు. రాత్రి మా చేలో వల చుట్టూ కట్టి మందని లోపల పెట్టేవారు. రోజుకో మడి చొప్పున వలని జరుపుకుంటూ పోయేవారు. చేనుకి ఎరువు, వాళ్ళకి బియ్యం, పప్పు, మా పెరటి కూరగాయలు. గొర్రె పడుకున్న మడిలో వరి వేరేగా ఉండేది. దూరం నుంచి చూసినా ఇది మంద కట్టిన మడి అని చెప్పేయొచ్చు, అంత నల్లటి పచ్చ.

ఈ మందకి ఒక కట్టుబాటు ఉంది. అది చెప్తేగాని తర్వాత సంగతి తెలియదు.

తొలకరికి వాళ్ళు తిరిగి వెళ్ళేటప్పుడు చేను మూల ఒక తుమ్మగుంజ పాతేవారు. వాళ్ళ కొండ నుంచి తెచ్చిన గుంజ. మందతాత దాన్ని పాతితే, మా మామ్మ బిందెడు నీళ్ళు తెచ్చి దాని మొదట్లో పోసేది. అంటే వచ్చే ఏడు కూడా ఈ చేను మీదే, ఇక్కడి నీళ్ళకి పూచీ మాది అని. దుక్కి దున్నేటప్పుడు నాన్న ఆ గుంజ చుట్టూ నాగలి తిప్పుకుపోయేవారు గాని తగలనిచ్చేవారు కాదు. వాళ్ళ వైపు నుంచి కూడా ఒక మర్యాద ఉండేది. దారిలో ఎక్కడ మందని ఆపినా ముందు తాత దోసెడు నీళ్ళు నోట్లో పోసుకుని చూసేవాడు, అప్పుడే గొర్రెల్ని వదిలేవాడు. గుంజ పాతిన చోట మాత్రం రుచి చూడకూడదు. చూస్తే ఆ ఇల్లాలిని అనుమానించినట్టు. భోజనానికి పిలిచినవాళ్ళింట్లో అన్నం వాసన చూసి తినడం లాంటిదే ఇదీనూ.

మందతాత మధ్యాహ్నం మా అరుగు మీద కూర్చుని తరవాణి, అదే పులిసిన గంజి, తాగేవాడు. మామ్మ అందులోకి మాగాయ టెంక ఒకటి వేసేది. తాగడం అయ్యాక ఆ టెంకని సాయంత్రం దాకా బుగ్గన పెట్టుకునే తిరిగేవాడు. తను తెచ్చే చోడిపిండి, అదే రాగిపిండి, మామ్మకిచ్చేవాడు. మందలో ఒకటో రెండో ఉండే మేకలు ఈనితే జున్నుపాలు కూడా మాకే. మామ్మ బెల్లం, మిరియాలు వేసి వండితే ఇల్లంతా ఆ వాసనే.

ఒక ఏడు తల్లి చచ్చిపోయిన గొర్రెపిల్లని నేను ఇంట్లోకి తెచ్చి, ఎవరూ చూడకుండా వంటింటి వెనక దాచాను. అది నేను పట్టిన పాలు తాగి ఊరుకోక, చాప మీద ఆరబెట్టిన గుమ్మడి వడియాలన్నీ నమిలేసింది. మామ్మ దాన్ని చెవి పట్టుకుని అరుగు మీదికి లాక్కొచ్చింది.

"చూడు పెద్దాయనా, మా వడియాలన్నీ తినేసింది. దీన్నిక అల్లుడిగా ఇక్కడే ఉంచేసుకుంటాం."

"ఆయ్, ఉంచేసుకోండమ్మగారూ" అన్నాడాయన నింపాదిగా. "కాపోతే అలిగినప్పుడు కుమ్ముద్దండి. అల్లుళ్ళంతే కదండీ."

మా మామ్మకి నవ్వు ఒక పట్టాన వచ్చేది కాదు. ఆ రోజు మాత్రం చెంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ గొర్రెలు మెట్టలో రేగుపళ్ళూ తుమ్మకాయలూ మేసి వచ్చేవి. పెంటికల్లో ఆ గింజలు ఉండిపోయి మా గట్ల మీద మొలిచేవి. తుమ్మ మొక్కల్ని నాన్న పీకేసేవారు. రేగుమొక్క ఒకదాన్ని మేం పిల్లలం ఏడ్చి ఆపించాం. అది పెద్ద చెట్టయింది. దాని పళ్ళ కోసం మేం కొట్టుకున్న కొట్లాటలు చెప్తే ఒక పుస్తకం. ఒకసారి తాత వస్తూనే మామ్మతో సంబరంగా చెప్పాడు, మీ పిల్లిపెసర మా వంక ఒడ్డున మొలిచిందని, అది ఎండకి ఓర్చుకుని తీగ సాగిందని. మా చేలో మేసిన గింజ వాళ్ళ కొండ కింద మొలిచిందన్నమాట. మామ్మ అది విని, "మా ఇంటి పిల్లని మెట్టకిచ్చినట్టుంది, జాగ్రత్తగా చూసుకోండి" అంది.

ఇంత దూరం నడిచి రావడం దేనికని నేను ఒకసారి తాతనే అడిగాను. అక్కడ గడ్డి లేదా అని.

"ఎండిన గడ్డి ఉంటాదమ్మా కాస్త" అన్నాడు. "దాని జోలికి పోకూడదు. ఎండాకాలం మా కొండకి సెలవు. ఆకలేసిన గొర్రె గడ్డితో ఊరుకోదు, కాలితో తవ్వి వేరు తినేద్ది. వేరు పోతే వానొచ్చినా మొలిచేదేముంది? మేం ఇక్కడుంటేనే కొండ అక్కడ బతుకుద్ది."

తిరిగి వెళ్ళే ముందు కూడా అదే గొడవ. సాయంత్రాలు వాయవ్యం వైపు మెరుపులు కనపడగానే మందబాబాయి వల చుట్టేయడానికి సిద్ధం. తాత కదలనిచ్చేవాడు కాదు. వాన పడగానే వెళ్తే మొలకని మొలకగానే మేసేస్తాయి, గడ్డి గొర్రెగిట్ట మునిగేంత ఎదగాలి అనేవాడు. ఇక్కడేమో కాలవ వదిలే రోజు దగ్గర పడేది, నాన్న ఆకుమడి దున్నుకోవాలి. అప్పుడు మామ్మ మధ్యలో పడి, ఆ నాలుగు రోజులూ మందని మా కొబ్బరితోటలో పెట్టించేది. చేను ఆయనదీ కాదు, కొండ మాదీ కాదు. అయినా ఒకరి తొందర ఒకరు ఓర్చుకునేవారు.

తర్వాత చెరువులొచ్చాయి.

ముందు సముద్రం ఒడ్డున రొయ్యల చెరువులు తవ్వారు. ఎక్కడివాళ్ళో వచ్చి చేలు లీజుకి తీసుకునేవారు. వరి పండించి అప్పులపాలవుతున్న ఊళ్ళో రొయ్య బంగారంలాగే కనపడింది, ఆ మాట దాచుకోనక్కర్లేదు. ఒకరి చేను చెరువైతే పక్క చేలోకి ఉప్పు ఊరేది. ఆ పక్క చేను ఇక వరికి పనికిరాదు, అదీ చెరువే. అలా ఒక్కొక్క గట్టూ దాటుకుంటూ ఉప్పు మా చేను దాకా వచ్చింది. గట్టువారగా వరి పాలు పోసుకునే వేళకి ఎర్రబారిపోయింది. నాన్న రెండు పంటలు చూశారు. మూడో పంటకి లీజుకి ఇచ్చేశారు.

మామ్మ నాన్నతో చాలా రోజులు మాట్లాడలేదు. అన్నం కంచం ఆయన ముందు పెట్టి మొహం తిప్పుకునేది. చివరికి ఒకరోజు అడిగింది.

"గుంజ పాతిన చేను ఎలా ఇచ్చేవురా? వాళ్ళొస్తే ఏం చెప్తావు?"

"కబురు పంపుతానమ్మా" అన్నారు నాన్న.

కబురు ఎక్కడికని పంపుతారు? ఊరి పేరే తెలియదు కదా. ఎడ్ల బేరగాడొకడు మెట్టకి వెళ్తుంటే, కొండ కింద ఊళ్ళో గొర్రెలవాళ్ళు కనపడితే ఈ ఏడు రావద్దన్నారని చెప్పమన్నారు. మెట్టలో ఎన్ని కొండలు, ఎన్ని కొండల కింద ఎన్ని ఊళ్ళు! ఆ కబురు చేరలేదు.

చెరువు తవ్వడానికి పొక్లెయిన్ వచ్చిన పొద్దున మామ్మ పెందలాడే లేచి చేలోకి వెళ్ళింది. నేనూ వెనకాలే వెళ్ళాను. గుంజని అటూ ఇటూ ఊపి పెకలించి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు భుజాన వేసుకుంది. కొబ్బరితోటకి అవతల మాకు కాస్త మెరక ముక్క ఉండేది. దాన్ని ఆనుకునే బోదె, అంటే పిల్లకాలవ. అక్కడ గుంజ పాతి నన్ను నీళ్ళు తెమ్మంది. ఇంటి కుళాయి దగ్గర పట్టి తెచ్చాను. ఆ నీళ్ళు గుంజ మొదట్లో పోసి, "చేను పోతే పోయింది, మాట పోలేదు" అంది. చోటు చిన్నదైనా వాళ్ళు వచ్చి గుంజ చూసుకుంటారని ఆవిడ ధైర్యం.

ఆ ఎండాకాలం వస్తూనే చాలా గట్టిగా వచ్చింది. వింత ఏమిటంటే మా బోదె మాత్రం నిండుగా ఉంది. ప్రతి ఏడూ ఆ వేళకి అడుగున బురద తప్ప ఏమీ ఉండేది కాదు. మామ్మ అది చూసి మురిసిపోయింది. "చూశావుటే, మంద వస్తుందని దేవుడికి తెలుసు" అంది నాతో. మా గేదెల్ని అప్పటికే అమ్మేశాం, మేత లేక. ఇంట్లోకి కుళాయి నీళ్ళే. ఆ బోదె నీళ్ళు నోట్లో పోసుకునే అవసరం మనుషులకి గాని పశువులకి గాని రాలేదు. రొయ్యల పట్టుబడి అయిపోయిన చెరువుల్లోంచి పాత నీళ్ళు అందులోకి వదులుతున్నారని మాలో ఎవరికీ తోచలేదు.

మంద వచ్చింది. దుమ్ము కనపడలేదు. పాత దారులన్నీ చెరువుగట్లయిపోయి, చుట్టూ తిరిగి తిరిగి తారురోడ్డు మీంచి వచ్చారు. దారి పొడుగునా ఎక్కడా మంచినీళ్ళు దొరకలేదు. మధ్యాహ్నం ఎండలో గొర్రెలు నాలికలు బయట పెట్టి నిలబడలేకుండా ఉన్నాయి. మందతాత మా చేను ఉండాల్సిన చోట ఆగిపోయాడు. అక్కడ నీళ్ళు, నీళ్ళ మీద తిరిగే చక్రాలు. కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని అలా చూస్తూనే ఉండిపోయాడు.

మామ్మ ఎదురెళ్ళి, "ఇటు రా పెద్దాయనా, గుంజ ఇక్కడుంది" అని పిలిచింది. గుంజ చూడగానే ఆయన మొహం విప్పారింది. దాని దగ్గరికి వెళ్ళి చేత్తో తడిమి, మందని వదలమన్నాడు. గొర్రెలు ఒకదాని మీద ఒకటి పడుతూ బోదెలోకి దిగాయి. మందబాబాయి కూడా వంగి దోసిట్లో నీళ్ళు పట్టాడు. తాత కర్రతో ఆ చేతి మీద మెల్లిగా తట్టాడు.

"గుంజ ఉన్నచోట రుచి చూస్తావురా? అమ్మగారు పోసిన నీళ్ళవి."

బాబాయి సిగ్గుపడి నీళ్ళు వదిలేశాడు. నేను పక్కనే ఉన్నాను. ఆ నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి జారిపోవడం నాకిప్పటికీ కళ్ళకి కడుతుంది.

పొద్దువాలేసరికి గొర్రెలు తూలడం మొదలుపెట్టాయి. కొన్ని దాహం తీరనట్టు మళ్ళీ మళ్ళీ బోదెలోకే వెళ్ళాయి. కొన్ని తల గట్టుకి ఆనించి నిలబడిపోయాయి. తెల్లారి మేం వెళ్ళేసరికి గట్టు పొడుగునా పడి ఉన్నాయి. చూలు గొర్రెలు ముందు పోయాయి. గంట పొట్టేలు మెడ సాచి ఉంటే దాని పక్కన చెవి తెగిన కుక్క ముడుచుకు కూర్చుంది. బతికినవి చచ్చినవాటిని వాసన చూస్తున్నాయి. వాసన చూసి అరవను కూడా లేదు, దానికే నాకు భయమేసింది.

మామ్మ బోదెలోకి దిగి, దోసెడు నీళ్ళు నోట్లో పోసుకుంది. ఉమ్మలేదు. మింగింది. మింగి అక్కడే బురదలో కూర్చుండిపోయింది. నేను లేవదీయబోతే నా చెయ్యి విదిలించుకుంది. ఎంతసేపటికో తనంతట తానే లేచి, తడిసిన చీరతోనే మందతాత దగ్గరికి నడిచింది. చెప్పాలనే వెళ్ళింది. నోరు తెరిచింది కూడా. ఈలోగా ఆయనే ముందన్నాడు.

"ఎండదెబ్బండమ్మగారూ. దారిలో ఎండ ఎక్కువైందండి. మా తప్పేనండి, నీడ పట్టున ఆపుంటే పోయేది."

ఊరివాళ్ళంతా చుట్టూ ఉన్నారు. ఆయన ఆ మాటే రెండోసారి, కాస్త గట్టిగా అన్నాడు. మామ్మ నోరు మూసుకుపోయింది. ఆయన మమ్మల్ని అడిగింది ఒక్కటే, పూడ్చడానికి చోటు. ఆ మెరకలోనే పూడ్చారు. నాన్న పలుగు పట్టుకుని వాళ్ళతో పాటు తవ్వారు.

మిగిలినవాటిని తోలుకుని ఆ సాయంత్రమే బయల్దేరిపోయారు. కొండ మీద ఉరమలేదు, మెరవలేదు. తొలకరికి ఇంకా చాలా రోజులుంది. మామ్మ బియ్యం మూట కట్టిస్తే తాత తీసుకుని తలకి ఆనించుకున్నాడు. మా పిల్లలందరి తలలూ నిమిరాడు. మళ్ళీ వస్తామని గాని రామని గాని అనలేదు.

తర్వాత వాళ్ళు రాలేదు.

ఆ తర్వాత మా ఊళ్ళో జరిగింది అందరికీ తెలిసిందే. రొయ్యకి తెల్లమచ్చ జబ్బు వచ్చింది. లీజువాళ్ళు ఇంజన్లు ఊడదీసుకుని వెళ్ళిపోయారు. నీళ్ళు ఇంకిపోయిన చెరువుల్లో నేల బీటలువారి, మీద ఉప్పు తెల్లగా మెరిసేది. రేగుచెట్టు ఎప్పుడో ఎండిపోయింది. నాన్న గట్లు కొట్టించి, మంచినీళ్ళు పెట్టి ఉప్పు కడగాలని ఏళ్ళ తరబడి తంటాలు పడ్డారు. వరి మొలిచేది, మోకాలెత్తు దాకా వచ్చి ఆగిపోయేది. "మంద తొక్కితే గాని ఈ నేల దారికి రాదు" అని ఆయన మాట జారేవారు. జారి, మామ్మ వైపు చూసి నాలిక్కరుచుకునేవారు.

మామ్మకి ఒకటే బెంగ పట్టుకుంది. రాత్రీ పగలూ ఎవరు పక్కన కూర్చున్నా అదే అడిగేది. "ఆయనకి తెలుసంటావా? నీళ్ళని తెలుసంటావా?" తెలియదులే మామ్మా, ఎండదెబ్బనే కదా ఆయనే అన్నాడు అంటే, కాసేపు ఊరుకునేది. మళ్ళీ మొదలు. నాకు పెళ్ళై రాజమండ్రి అవతలి ఊరు కాపురానికి వెళ్తుంటే, అందరూ అప్పగింతల్లో ఏడుస్తున్నారు, ఆవిడ నా చెవిలో ఏమన్నదో తెలుసా? "అది మెట్టకి దగ్గరే కదే. కాస్త వాకబు చెయ్యి" అంది.

చేశాను. సంతకి వెళ్ళినప్పుడల్లా గొర్రెల బేరగాళ్ళని అడిగేదాన్ని. కోనసీమకి మంద తోలే ముసలాయన, ఎప్పుడూ బుగ్గన మామిడిటెంక అని చెప్పేదాన్ని. నవ్వేవారు. నాకు పెద్దవాడు పుట్టి నడక వచ్చాక ఒకరోజు, ఒకాయన నవ్వలేదు. ఊరి పేరు చెప్పాడు. ఆ ఊరికీ ఒక పేరుంది, ఇన్నేళ్ళకి తెలిసింది. నాన్నకి ఫోన్ చేయించాను. మామ్మ అప్పటికి మంచం మీద ఉంది. ఆవిడ నాన్నకి ఒకటే చెప్పి పంపింది. "ఆ నీళ్ళు మనవేనని చెప్పు. నేను చెప్పమన్నానని చెప్పు."

నాన్నా నేనూ బస్సు దిగి నడిచాం. కొండ నేననుకున్నంత పెద్దది కాదు. కింద సగం దాకా వరసల్లో జామాయిల్ తోటలు. మిగతా సగం సర్కారు తుమ్మ, ఎటు చూసినా ముళ్ళే. వాళ్ళ గుమ్మం ముందు మందబాబాయి మేకలకి కొమ్మ నరికి వేస్తున్నాడు. మీసాలు అప్పుడే నెరుస్తున్నాయి. నాన్నని చూసి ఆనవాలు పట్టడానికి కాసేపు పట్టింది. పట్టాక, "ఎప్పుడు వచ్చేరండీ, అమ్మగారు బావున్నారాండీ" అంటూ మంచం వాల్చాడు.

మందతాత లేడు. పోయి రెండేళ్ళయిందట.

నాన్న కూర్చోకుండానే మొదలుపెట్టారు. "మా అమ్మ చెప్పమంది. ఆ రోజు ఆ నీళ్ళు..."

"తెలుసండి" అన్నాడు బాబాయి. "ఆ సాయంత్రం నాన్న చూడకుండా ఒక గుక్క తాగేనండి. నాన్నతో చెప్పేను. 'నీ నోరు బాగోలేదురా, నీళ్ళు బానే ఉన్నాయి' అన్నారండి. ఇంటికొచ్చాక ఊళ్ళో అందరితోనూ ఎండదెబ్బనే చెప్పేరు. నేను మాట తిప్పి అడిగితే కర్ర ఎత్తేవారండి."

నాన్న అప్పుడు కూర్చున్నారు.

మా చేలు పోయాక వాళ్ళకి ఎండాకాలం వెళ్ళడానికి చోటు లేకపోయిందట. ఆ ఏడు ఇంటికి తోలుకొచ్చిన గొర్రెలు కొండ మీద మిగిలిన గడ్డి వేళ్ళతో సహా తినేశాయి. వాన వచ్చినా పచ్చబడలేదు. తర్వాతి ఏడు ఇంకా బోడి. గడ్డి లేనిచోట సర్కారు తుమ్మ లేచింది. గొర్రెకి అది సరిపడదు, మేకకి సరిపడుతుంది. గొర్రెలు అమ్మి మేకలు కొన్నారు. మేకలు ఆ కాయలు తిని వంక పొడుగునా గింజలు వేశాయి. ఇప్పుడు వంక కూడా తుమ్మే.

"కొండని చూసి మేం మారేమో, మమ్మల్ని చూసి కొండ మారిందో చెప్పలేనండి" అన్నాడు. "ఏదో కలిసే బతుకుతున్నాం లెండి. జీడితోటలవాళ్ళు రాత్రిళ్ళు మేకల్ని కట్టమంటారు. గడుస్తుంది. గొర్రెలు మాత్రం లేవండి."

వెళ్ళేటప్పుడు సంచీ నిండా చోడిపిండి పెట్టి ఇచ్చాడు. బస్సులో నాన్న ఆ సంచీ దారి పొడుగునా ఒళ్ళోనే పెట్టుకున్నారు. మా పుట్టిల్లు చేరే ముందు, "మామ్మతో ఇవేవీ అనకు" అన్నారు.

మామ్మ దిండుకి ఆనుకుని మాకోసమే చూస్తోంది. నాన్న మంచం పట్టె మీద కూర్చుని, నవ్వు తెచ్చుకుని చెప్పారు. "అందరూ బావున్నారమ్మా. మంద బాగా పెరిగింది. పెద్దాయన ఓపికగానే ఉన్నారు. నిన్నడిగేరు."

మామ్మ ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది.

"అంత మంద పెరిగితే ఎండాకాలం ఎక్కడ మేపుతున్నార్రా?"

నాన్న తడబడ్డారు. "జీడితోటల్లోనమ్మా."

"జీడాకు రాలిన చోట గడ్డేం మొలుస్తుందిరా" అంది. గొంతులో కోపం లేదు. "పెద్దాయన ఎప్పుడు పోయేడు?"

నాన్న తల దించుకుని చెప్పారు. నేను మామ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. నా చేతి కింద ఆవిడ పాదం చల్లగా ఉంది. నాన్న ఒక్కటైనా మంచిమాట మిగలాలనుకున్నారేమో, తొందరగా అన్నారు. "నీ నీళ్ళ సంగతి ఆయనకి తెలియనే తెలియదమ్మా. పోయేదాకా ఎండదెబ్బనే చెప్పేరంట. ఊళ్ళో అందరితోనూ. కొడుకు వేరేగా అంటే కర్ర కూడా ఎత్తేవారంట."

మామ్మ కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందేమో అనుకున్నాం.

"అయితే తెలిసిందన్నమాట" అంది మెల్లిగా.

ఆ రోజు నుంచి ఆవిడ ఆ ప్రశ్న ఎవరినీ అడగలేదు. వర్షాలు పడేదాకా కూడా ఉండలేదు. ఇప్పుడు నేను ఆవిడ వయసుకి దగ్గర పడుతున్నాను. ఎరువు కావాలంటే సంచీల్లో వస్తుంది, గొర్రె ఎక్కడ మేసిందో, ఏ కొండకి ఎన్నాళ్ళు సెలవు దొరికిందో ఎవరికీ తెలియనక్కర్లేదు. నాకు మాత్రం అప్పుడప్పుడు అనిపిస్తుంది. ఆ నీళ్ళు ఉప్పనని ఆయన ఒక్కసారి మా మొహం మీద అని ఉంటే, మామ్మ ఏడ్చి, కాళ్ళ మీద పడి, ఎలాగో తేరుకునేదేమో. ఆయన అనలేదు. మర్యాదగలవాడు. మా ఇంటి మీద మాట పడనివ్వకుండా ఆ ఉప్పంతా తనే మింగి, మెట్ట ఎక్కి వెళ్ళిపోయాడు.